సింగపూరా, రంగమా? 1942లో జనం మనసు మళ్ళిన చోటు

ఫలానా చోట ఓటమితో యుద్ధం మలుపు తిరిగింది, ఆ దెబ్బతో జనాభిప్రాయమూ మారిపోయింది అని చరిత్ర పుస్తకాల్లో తరచు చదువుతుంటాం. మొదటి సగం సరే. రెండో సగాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోవచ్చా? విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మా మావయ్య ఒప్పుకోవచ్చంటారు. పత్రికలో డెస్కు మీద పనిచేసే మా చెల్లెలు ఒప్పుకోదు. 1942 మీద వాళ్ళిద్దరికీ నడిచిన వాదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఏడు యుద్ధం ఎక్కడో ఐరోపాలో ఆగకుండా మన తీరం మీదికే వచ్చింది. నా మొగ్గు చెల్లెలి వైపే. కానీ మావయ్య చెప్పినవాటిలో కొన్నిటిని పక్కన పెట్టి ఆమె వాదాన్ని నిలబెట్టలేం.

మావయ్య: నన్నడిగితే తేదీతో సహా చెబుతానమ్మా. 1942 ఫిబ్రవరి 15, ఆదివారం. సింగపూర్‌లో బ్రిటిష్ జనరల్ పెర్సివల్ తెల్లజెండాతో జపాను సేనాని యమషితా దగ్గరికి నడిచి వెళ్ళి లొంగిపోయాడు. బ్రిటిష్ చరిత్రలో అంతకు మించిన లొంగుబాటు లేదని చర్చిలే ఒప్పుకున్నాడు. దానికి రెండు నెలల ముందు, డిసెంబరు 10న, ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు మహానౌకలు మలయా తీరంలో మునిగిపోయాయి. మన తాతల తరానికి తెల్లవాడి బలం అంటే సముద్రమే కదా. ఓడెక్కి వచ్చాడు, ఓడల మీదే నిలబడ్డాడు. ఆ ఓడల్ని ఒక ఆసియా దేశం పొద్దున్నించి మధ్యాహ్నంలోపు ముంచేసింది. రెండు వందల ఏళ్ళ బెదురు అక్కడ వదిలింది.

చెల్లెలు: ఆ సంగతి అప్పుడు ఎంతమందికి తెలుసు మావయ్యా? రేడియో ఊరికొకటి కూడా లేదు. పత్రికల మీద సెన్సారు. చదువుకున్నవాళ్ళు హిందూ చూసేవాళ్ళు, ఆంధ్రపత్రిక చూసేవాళ్ళు. నర్సన్నపేట సంతలో పెర్సివల్ పేరు ఎవడికి తెలుసు?

మావయ్య: పేరు తెలియక్కర్లేదు. సర్కారు మునుగుతోందని తెలిస్తే చాలు. అది తెలిసిందనడానికి రుజువు పోస్టాఫీసుల్లో ఉంది. ఇందివర్ కామ్‌తేకర్ అనే చరిత్రకారుడు ఆ ఏడాది దేశాన్ని పట్టుకున్న వణుకు మీద మంచి వ్యాసం రాశాడు. జపాను యుద్ధంలోకి దిగిన దగ్గర్నుంచి జనం పోస్టాఫీసు సేవింగ్స్ బ్యాంకుల ముందు వరస కట్టారు. దాచుకున్నది వెనక్కి తీసుకున్నారు. కాగితం నోటు ఇస్తే వద్దన్నారు, వెండి రూపాయి దొరికితే నేలలో పాతిపెట్టారు. చివరికి చిల్లరకే కరువొచ్చింది. ఓటు లేనివాడికి, పత్రిక చదవనివాడికి కూడా ప్రభుత్వం మీద అభిప్రాయం చెప్పే దారి ఒకటి ఉంది. ప్రభుత్వం అచ్చేసిన నోటు తీసుకుంటాడా, తీసుకోడా? 1942లో తీసుకోనన్నాడు.

చెల్లెలు: అది భయం. భయాన్ని అభిప్రాయంగా లెక్క కట్టకండి. 1940 వేసవిలో ఫ్రాన్సు పడిపోయినప్పుడు కూడా జనం డబ్బు తీసుకున్నారు. అయితే అప్పుడేం జరిగింది? జులైలో పూనాలో కాంగ్రెసు, జాతీయ ప్రభుత్వం ఇస్తే యుద్ధంలో సహకరిస్తామంది. బ్రిటన్ నాశనంలోంచి మాకు స్వాతంత్ర్యం అక్కర్లేదని గాంధీ ఆ రోజుల్లోనే రాశాడు. అప్పటి ఓటమి చిన్నదా? పారిస్ జర్మనీ చేతికి వెళ్ళింది, లండన్ మీద బాంబులు పడబోతున్నాయి. అదే గాంధీ రెండేళ్ళు తిరక్కుండానే వెళ్ళిపొమ్మన్నాడు. ఓటమే మనసు మారుస్తుందంటే 1940లోనే మారాలి కదా?

మావయ్య: ఎందుకు మారుతుంది? 1940లో తెల్లవాడు తెల్లవాడి చేతిలో ఓడాడు. అది వాళ్ళ ఇంటి గొడవ. సింగపూర్‌లో మన రంగువాడి చేతిలో ఓడాడు. ఆ తేడా మన దేశంలో చదువు రానివాడికి కూడా అర్థమైంది. 1905లో రష్యాను జపాను ఓడించినప్పుడే ఇక్కడ కుర్రాళ్ళు ఎగిరి గంతేశారు. నలభై ఏళ్ళ నాడు నాటుకున్నది ఫిబ్రవరిలో పండింది.

చెల్లెలు: రంగు దగ్గరికే వద్దాం. నేను చెప్పబోయేదీ రంగు సంగతే, కానీ యుద్ధభూమిలోది కాదు. మలయాలో పినాంగ్ తీసుకోండి. సింగపూర్‌కు రెండు నెలల ముందు. 1941 డిసెంబరు మధ్యలో ఒక రాత్రి అక్కడి యూరోపియన్లందర్నీ గుట్టుగా ఓడలెక్కించి తీసుకుపోయారు. తెల్లారి లేచి చూస్తే ఊళ్ళో దొరలు లేరు. చైనావాళ్ళు, మలయావాళ్ళు, మన తమిళులు, తెలుగువాళ్ళు మిగిలారు. కోట మీద బ్రిటిష్ జెండా అలాగే ఎగురుతోంది, దించడానికి కూడా ఎవడూ లేడు. స్ట్రెయిట్స్ ఎకో పత్రిక ఎడిటర్ శరవణముత్తు వెళ్ళి దాన్ని దించి తెల్లజెండా ఎగరేశాడు. ఊరి మీద ఇంకా బాంబులు పడకుండా ఉంటాయని. సైన్యం ఓడిపోవడం వేరు మావయ్యా. ఓడిపోతూ తనవాళ్ళని ఏరుకుని వెళ్ళిపోవడం వేరు. 1940లో ఇది జరగలేదు. డంకర్క్‌లో బ్రిటన్‌ది ఘోరమైన ఓటమే. అయినా 3,38,000 మంది సైనికుల్ని సముద్రం దాటించి తెచ్చుకుంది. ఆ ఓటమి వాళ్ళ దేశాన్ని ఒక్కటి చేసింది. పినాంగ్ సంగతి విన్నవాడికి మాత్రం తన లెక్క ఏమిటో తెలిసిపోయింది.

మావయ్య: పినాంగ్ ఎంత? ఒక దీవి.

చెల్లెలు: అయితే రంగానికి రండి.

ఈ మాట దగ్గర మావయ్య కాస్త సర్దుకుని కూర్చున్నారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో రంగం, అంటే రంగూన్, వెళ్ళిన మనిషి లేని పాత కుటుంబం అరుదు. ఓడరేవులో బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, వీధులు ఊడవడం, ఆసుపత్రుల్లో పాకీపని. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులు. రేవులో బరువు మోసే పని ఎక్కువగా మనవాళ్ళదే.

చెల్లెలు: 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటి దాడి. పట్టపగలు. ఆకాశంలో విమానాలను తలెత్తి చూస్తూ వీధుల్లో నిలబడ్డ జనం మీద బాంబులు పడ్డాయి. క్రిస్మస్ రోజున మళ్ళీ పడ్డాయి. రేవు కూలీలు ఊరొదిలి ప్రోమ్ రోడ్డున పడ్డారు. కాలినడక, నెత్తిన మూట, చంకన పిల్ల. అప్పుడు ప్రభుత్వానికి ఏం కావాలి? కూలీ లేకపోతే రేవు నడవదు, ఓడలోంచి యుద్ధసామగ్రి దిగదు. అందుకని దారిలో ఎదురెళ్ళి, తిండి పెడతాం, రక్షణ ఇస్తాం అని చెప్పి వేలమందిని వెనక్కి తిప్పారు. ఓడల్లో డెక్కు టికెట్ల మీద ఆంక్షలు పెట్టారు. క్యాబిన్ టికెట్టు కొనగలిగినవాడు వెళ్ళిపోవచ్చు. వయసులో ఉన్న కూలీ వెళ్ళకూడదు. వెనక్కి వచ్చినవాళ్ళు ఫిబ్రవరిలో మళ్ళీ పారిపోవాల్సి వచ్చింది. ఈసారి ఓడలు లేవు. మార్చి 8న రంగూన్ జపాను చేతికి వెళ్ళింది.

మావయ్య: ఆ తర్వాతి నడక సంగతి నాకు తెలుసు.

చెల్లెలు: మీకు తెలుసు, చదివేవాళ్ళందరికీ తెలియాలిగా. నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా నుంచి కదిలారు. కొందరు అరకాన్ కొండలు దాటి అక్యాబ్‌కు, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కు. కొందరు టాము ఊరి మీదుగా ఇంఫాల్‌కు, దిమాపూర్‌కు. వానలు మొదలయ్యాక హుకాంగ్ లోయలో బురదలో చిక్కుకున్నవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్ళు పదివేలని ఒకరు, యాభైవేలని ఒకరు రాశారు. వాళ్ళని లెక్క పెట్టేవాడే లేడు. ఆ దారుల్లో కూడా రెండు వరసలు. యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు వెళ్ళే బాటలో విశ్రాంతి మకాములు, మంచి తిండి. మిగిలినవాళ్ళకు దొరికింది తినడం, దొరక్కపోతే పడిపోవడం. తెల్లవాళ్ళకొక దారి, నల్లవాళ్ళకొక దారి అని గాంధీ హరిజన్‌లో మండిపడి రాశాడు. ఏప్రిల్ చివర అలహాబాదులో ఏఐసీసీ దీని మీదే ఒక తీర్మానం చేసింది. మీరడిగిన తేడా ఇదిగో. 1940లో గాంధీ చదివింది ఓటమి వార్త. 1942లో విన్నది నడిచొచ్చినవాళ్ళు చెప్పుకున్న కథ.

మావయ్య: ఒప్పుకుంటాను, ఇది బరువైన మాటే. అయితే రెండు సంగతులు కలుపుకో. ఒకటి, రంగంలో మనవాళ్ళకు దిక్కులేదని 1942 దాకా ఎవరికీ తెలియదని కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, బర్మావాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళను తీసేసి మనవాళ్ళను మళ్ళీ పిలిచారు. దాంతో అల్లర్లు రేగి వందమందికి పైగా చచ్చిపోయారు, చచ్చినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. అప్పుడూ శవాలు లేచాయి, జనం ఓడలెక్కి వచ్చారు, ఊళ్ళలో చెప్పుకుని ఏడ్చారు. అయినా సామ్రాజ్యం కూలుతుందని ఎవడూ అనుకోలేదు. 1930లో కలగని ఆలోచన 1942లో ఎందుకు కలిగింది? ఎందుకంటే మధ్యలో సింగపూర్ ఉంది. అన్యాయం ఎప్పుడూ ఉంది తల్లీ. అన్యాయం చేసేవాడు పడిపోగలడన్న ఊహ మాత్రం కొత్తది. ఆ ఊహ యుద్ధభూమి నుంచే వచ్చింది. రెండోది, నడిచొచ్చిన కూలీ వచ్చేది ఎందుకు? రంగూన్ పడింది కాబట్టి. పడకపోతే నీ కథే లేదు.

ఇక్కడ నేనొక మాట చేరుస్తాను. మావయ్య రెండో వాదం కొంచెం చమత్కారంగా అనిపిస్తుంది గానీ మొదటిది గట్టిది. బాధ ఎంత ఉన్నా దానికి రాజకీయ రూపం రావాలంటే ఎదుటివాడి బలం మీద అనుమానం పుట్టాలి. ఆ అనుమానాన్ని మన తీరానికి ఎత్తుకొచ్చిన రోజు ఏప్రిల్ 6. దాని మీద ఇద్దరూ చెప్పేదాన్ని పూర్తిగా పెడుతున్నాను.

మావయ్య: జపాను నౌకాసేనాని నగుమో దండు ఏప్రిల్ 5న కొలంబో మీద పడింది. అదే సమయంలో ఓజావా నాయకత్వంలో ఇంకో దండు బంగాళాఖాతంలో దూరి, నాలుగైదు రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. ఆ దండులోని ర్యుజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఏప్రిల్ 6న విశాఖ రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. మన రేవు 1933లో తెరిచారు. సింధియావాళ్ళ ఓడల కార్ఖానాకు బాబూ రాజేంద్రప్రసాద్ పునాదిరాయి వేసి ఏడాది కూడా కాలేదు. చనిపోయినవాళ్ళు తక్కువే, లండన్‌తో పోలిస్తే అసలు లెక్కలోకే రాదు. ఐతే మర్నాటికి ఊళ్ళో ఎవరున్నారు? బండి దొరికినవాడు బండిలో, రైలు దొరికినవాడు రైల్లో, ఏదీ లేనివాడు నడిచి అనకాపల్లి, విజయనగరం, ఇంకా లోపలి పల్లెలకు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే వాల్తేరు నుంచి గుంటూరుకు తరలించారు. బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పేలని జపాను బాంబు ఒకటి పెట్టారు, చూశావుగా. నేను పిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్ళినా ముందు దాని దగ్గర నిలబెట్టేవాణ్ణి. రెండు చేతులు చాస్తే అందులో ఇమిడిపోయేంత ఇనుప ముద్ద. ఊరు ఖాళీ చేయించడానికి అది చాలింది. ఊరిని కాపాడతాం అన్న ప్రభుత్వం మాటను ఆ ముద్ద అబద్ధం చేసింది.

చెల్లెలు: మరి బీచ్‌లో ఇసకలోంచి బయటపడ్డ ఆ సిమెంటు బురుజు? తుపాకీ పెట్టుకోవడానికి గోడలో సన్నటి సందులు, ఒరిగిపోయి ఉంది. యుద్ధకాలంలో కట్టింది. సముద్రం వైపు చూస్తూ కాపలా కాయడానికి. కాపాడే ఏర్పాటు లేదని మీరనలేరు. ఏర్పాటుంది, నమ్మకం లేదు. ఎందుకు లేదు? మద్రాసులో ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్‌లోనే. జపాను నౌకలు వస్తున్నాయని ఒక తప్పుడు కబురు. అంతే, గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రభుత్వం ఆఫీసుల్ని లోపలి జిల్లాలకు తరలించింది. అవసరం లేనివాళ్ళంతా ఊరు ఖాళీ చేయాలంది. జూలో పులులూ సింహాలూ బాంబుదాడిలో తప్పించుకుంటాయని భయపడి తుపాకులతో కాల్చి చంపించారు. జపాను నౌక ఒక్కటి కూడా రాలేదు. ఫైళ్ళు కట్టలు కట్టి బళ్ళకెక్కిస్తున్న గుమాస్తాను చూసిన మనిషికి సింగపూర్ గురించి ఎవరైనా చెప్పాలా? జనం పారిపోయింది బాంబుకి కాదు మావయ్యా. వాళ్ళకంటే ముందు దొర పారిపోతున్నాడని తెలిసి.

మావయ్య: విశాఖలో బాంబుకే పారిపోయారు.

చెల్లెలు: విశాఖలో బాంబుకే. అది కాదనను. అయితే బాంబు పడ్డ ఊరు బ్రిటిష్‌వాణ్ణి తిట్టాలా, జపానువాణ్ణి తిట్టాలా? మీ లెక్క ప్రకారం ఒక దెబ్బ తగిలితే ఒక అభిప్రాయం పుట్టాలి. ఇదే కోస్తాలో, ఇదే నెలలో మూడు పుట్టాయి. రాజాజీ, జపాను వస్తోంది కనక ముందు ముస్లిం లీగుతో రాజీపడి జాతీయ ప్రభుత్వం వేసి దేశాన్ని కాపాడుకుందామన్నాడు. ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెసు శాసనసభ్యుల చేత తీర్మానం చేయించాడు. అలహాబాదులో అదే మాట పెడితే 120 మంది కాదన్నారు, 15 మంది ఔనన్నారు. కమ్యూనిస్టులకు అంతకుముందే, 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక, ఇది ప్రజాయుద్ధమైంది. జపానును ఆపాలి, ఉత్పత్తి పెంచాలి అని బుర్రకథలు కట్టి మరీ కృష్ణా, గుంటూరు పల్లెల్లో తిరిగారు. 1942 జులైలో ప్రభుత్వం వాళ్ళ మీద నిషేధం ఎత్తేసింది. మూడోవాళ్ళు కాంగ్రెసులోని మిగతావాళ్ళు. ఆంధ్ర కాంగ్రెసు కార్యదర్శి కళా వెంకటరావు పేరుతో జులై చివర వెళ్ళిన సర్క్యులర్‌లో, సమయం వస్తే తంతి తీగలు తెంపడం దాకా ఉంది. ప్రభుత్వం ఆ తర్వాత కాంగ్రెసు మీద వేసిన నేరాభియోగంలో ఆ ఆంధ్ర సర్క్యులర్‌ను పట్టుకుని ఊగింది. ఒకే ఘట్టం, ఒకే తీరం, మూడు దారులు. మరి ఘట్టం మనసుని ఎటు మళ్ళించినట్టు?

మావయ్య: మూడు దారులేనమ్మా, ముగ్గురూ ఒకే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారు చూడు. ఏడాది కిందట మన రాజకీయంలో ప్రశ్న ఏమిటి? ఇంగ్లీషువాడు ఎంత ఇస్తాడు, ఎప్పుడిస్తాడు. ఏప్రిల్‌లో ప్రశ్న ఏమిటి? ఇంగ్లీషువాడు నిలబడలేకపోతే మనమేం చేయాలి. జవాబులు మనుషుల్ని బట్టి, పార్టీని బట్టి వస్తాయి. ప్రశ్నను మార్చింది మాత్రం యుద్ధం. రాజీ మాటలకని బ్రిటిష్ మంత్రి క్రిప్స్‌ను మార్చిలో ఇక్కడికి పరిగెత్తించింది కూడా సింగపూర్, రంగూన్లే. చర్చిల్ అంతకుముందు భారతదేశం పేరెత్తితే మొహం చిట్లించేవాడు.

చెల్లెలు: ఆ మాట బాగుంది, తీసుకుంటాను. అయితే కాంగ్రెసు వార్ధా తీర్మానం తీసి చూడండి. జులై 14. దేశంలో బ్రిటన్ మీద ద్వేషం వేగంగా పెరుగుతోంది, జపాను గెలుపు చూసి జనం సంతోషించడం ఎక్కువవుతోంది అని కార్యవర్గమే రాసింది. సంతోషిస్తూ కాదు, కలవరపడుతూ రాసింది. మలయా, సింగపూర్, బర్మాలకు పట్టిన గతి మనకు పట్టకూడదు అంది. ఆ గతి అంటే ఏమిటి? సైన్యం ఓడిపోవడమొక్కటే కాదు. ప్రజలకు చెప్పకుండా, ప్రజలను కలుపుకోకుండా, చివరికి ప్రజలను వదిలేసి పోవడం.

మావయ్య: మరి సైన్యంలో చేరినవాళ్ళ సంగతేం చెబుతావు? నీ లెక్కన ద్వేషం పెరిగితే చేరడం ఆగిపోవాలి. యుద్ధం మొదట్లో రెండు లక్షలున్న భారత సైన్యం 1945కి 25 లక్షలైంది. ఒక్కణ్ణీ బలవంతంగా పట్టుకెళ్ళలేదు. మద్రాసు రాష్ట్రం నుంచి, మన జిల్లాల నుంచి కూడా వేలకువేలు వెళ్ళారు.

చెల్లెలు: కడుపు కోసం వెళ్ళారు. బర్మా బియ్యం ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చేది, ఆగిపోయింది. ధర కొండెక్కింది. 1943కి బెంగాల్లో 30 లక్షలమంది ఆకలితో పోయారు. బర్మాలో పని పోయింది, ఇక్కడ బియ్యం లేదు, సైన్యంలో తిండీ బట్టా దొరుకుతాయి. అందులో చేరడానికి సర్కారు మీద ప్రేమ ఉండక్కర్లేదు.

మావయ్య: చూశావా, పోస్టాఫీసులో డబ్బు తీసుకుంటే అది అభిప్రాయం కాదు, భయం అన్నావు. సైన్యంలో చేరితే అదీ అభిప్రాయం కాదు, ఆకలి అంటున్నావు. ఇక జనాభిప్రాయం ఎక్కడ దొరుకుతుంది నీకు?

ఇది చెల్లెల్ని కాసేపు ఆపిన ప్రశ్న. ఈ దేశంలో అప్పటికి అభిప్రాయ సర్వేలు లేవు. మనకు మిగిలినవి పోలీసు రిపోర్టులు, పక్షానికోసారి రాష్ట్రాల నుంచి ఢిల్లీకి వెళ్ళే నివేదికలు, జనం చేసిన పనులు. పనిలోంచి మనసును చదవాలి. ఆ చదవడంలో ఎవరి మొగ్గు వాళ్ళది.

చెల్లెలు: సర్వేలున్న చోట ఏం తేలిందో ముందు చెప్పనివ్వండి. వియత్నాంలో 1968 జనవరి చివర అమెరికా సేనల మీద టెట్ దాడి. ఆ దెబ్బతో అమెరికా జనం యుద్ధానికి ఎదురుతిరిగారని ఇప్పటికీ రాస్తారు. కానీ అంతకు నాలుగు నెలల ముందే, 1967 అక్టోబరులో, యుద్ధంలో దిగడం పొరపాటన్నవాళ్ళు కాదన్నవాళ్ళను దాటిపోయారు, గాలప్ లెక్కల్లో 47కి 44. ఎందుకంటే శవపెట్టెల్లో పిల్లలు ఇళ్ళకు వస్తూనే ఉన్నారు. టెట్ చేసిందల్లా, గెలుస్తున్నాం గెలుస్తున్నాం అని అప్పటిదాకా చెప్పిన ప్రభుత్వాన్ని అందరి ముందు నిలబెట్టడం. ఇక మన దగ్గర జనాభిప్రాయం ఎక్కడ దొరుకుతుందంటే, తెనాలిలో దొరుకుతుంది. 1942 ఆగస్టు 9న గాంధీని, నెహ్రూని, పట్టాభిని, మిగతావాళ్ళని పట్టుకుపోయారు. 12న తెనాలిలో జనం రైల్వే స్టేషన్ తగలబెట్టారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు పోయారు. ఇప్పటికీ ఆ కూడలి పేరు రణరంగచౌక్. వాళ్ళు జపాను కోసం తగలబెట్టలేదు. తమ నాయకుల్ని ఎత్తుకుపోయారని తగలబెట్టారు.

మావయ్య: రైల్వే స్టేషనే ఎందుకు? తంతి తీగలే ఎందుకు? 1930లో ఉప్పు వండారు, 1932లో జైళ్ళకు వెళ్ళారు. 1942లో రైలు పట్టాలు పీకారు. బీహార్‌లో, తూర్పు ఉత్తరప్రదేశ్‌లో జిల్లాలకు జిల్లాలు కొన్నాళ్ళు సర్కారు చేయి దాటిపోయాయి. మలయా, బర్మాలకు కూలీల్నీ సిపాయిల్నీ పంపిన జిల్లాలే అవి. 1857 తర్వాత ఇంత తిరుగుబాటు లేదని వైస్రాయి లిన్‌లిత్‌గో చర్చిల్‌కు రాసుకున్నాడు. ఈ సర్కారు రేపు ఉండదు అనుకున్నవాడే స్టేషన్‌కు నిప్పు పెడతాడు. ఆ రేపటిని జనం కళ్ళకు కట్టింది సింగపూర్.

చెల్లెలు: అయితే యుద్ధభూమిలో సర్కారు గెలిచినప్పుడు జనం మళ్ళీ సర్కారు వైపు రావాలి. వచ్చారా? 1944లో ఇంఫాల్, కొహిమాల దగ్గర జపాను సైన్యం చిత్తుగా ఓడింది. జపాను అప్పటిదాకా నేల మీద అంత పెద్ద దెబ్బ తినలేదు. గెలిచిన సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే. నిజమైన మలుపంటే అదీ. ఆ గెలుపు పేరు చెప్పి ఏ ఊళ్ళోనైనా ఊరేగింపు జరిగిందా? ఏ తల్లైనా కొడుక్కి ఆ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ పేరు పెట్టిందా? బోస్ అని మాత్రం ఊరికి నలుగురున్నారు. జపాను పక్కన నిలిచి ఓడినవాడి పేరు.

మావయ్య: అది నా దగ్గర జవాబు లేని ప్రశ్న అనుకుంటున్నావు. ఉంది. ఎర్రకోటలో 1945 నవంబరులో విచారణకు నిలబడ్డ ముగ్గురున్నారే, షానవాజ్ ఖాన్, సెహగల్, థిల్లాన్, వాళ్ళు బోసు సైన్యంలోకి ఎక్కడి నుంచి వచ్చారు? మలయా, సింగపూర్ల నుంచి. 1942 ఫిబ్రవరి 17న, లొంగిపోయిన రెండు రోజులకు, సింగపూర్ ఫారర్ పార్కులో దాదాపు 45 వేలమంది భారతీయ సైనికుల్ని కూర్చోబెట్టారు. బ్రిటిష్ ఆఫీసర్లను అప్పటికే వేరు చేశారు. ఒక బ్రిటిష్ కల్నల్ లేచి, ఇకనించి మీరు జపానువాళ్ళ చేతిలో ఉన్నారు, వాళ్ళు చెప్పినట్టు వినండని చెప్పి అప్పగించేశాడు. ఆ మైదానమే ఆజాద్ హింద్ ఫౌజుకు పుట్టిల్లు. ఇంఫాల్‌లో గెలిచినా ఆ మధ్యాహ్నాన్ని వెనక్కి తీసుకోలేకపోయారు. నా మలుపు మూడేళ్ళ తర్వాత పనిచేసింది, అంతే.

చెల్లెలు: మీరు చెప్పేదాంట్లో జనం మనసు విరగ్గొట్టింది ఏదో మళ్ళీ ఒకసారి చూడండి. సింగపూర్‌లో ఓడడం ఒకటి. ఫారర్ పార్కులో అప్పగించడం ఇంకొకటి. ఓడి, సిపాయిలతో పాటు తామూ కూర్చుని ఉంటే, 1945లో రాజద్రోహం కేసు పెట్టినప్పుడు కొంతమందైనా సర్కారు వైపు మాట్లాడేవాళ్ళు. మమ్మల్ని అప్పగించి వెళ్ళిన రాజు మీద మాకు ఏం భక్తి ఉండాలి అన్న ప్రశ్న ఢిల్లీ నుంచి మన పల్లెల దాకా అందరికీ ఒక్కసారే అర్థమైంది. కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టులు మిగతా అన్నిటి మీదా కొట్టుకుంటూ, ఆ కేసు మీద మాత్రం ఒకే గొంతుతో మాట్లాడారు. ఆ తర్వాత ఫిబ్రవరిలో బొంబాయిలో నావికులు తిరగబడితే విశాఖ రేవులో నావికులు కూడా పని ఆపేశారు. మీరు బాంబు పడిందన్న రేవే అది.

మావయ్య: ఒకవేళ ఓడకపోయి ఉంటే అప్పగించే పనే ఉండేది కాదు కదా తల్లీ.

చెల్లెలు: ఓడినచోటల్లా అప్పగించరు కదా మావయ్యా. జర్మన్ల చేతికి చిక్కినవాళ్ళలో బ్రిటిష్‌వాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ప్రభుత్వం వాళ్ళని మర్చిపోలేదు. సింగపూర్ పడ్డాక లండన్‌లో చర్చిల్ పదవి పోలేదు. ఆ జులైలో అవిశ్వాసం పెడితే 475 మంది ఆయన వైపు, 25 మంది ఎదుటి వైపు. అదే సింగపూర్, అక్కడివాళ్ళ మనసు ప్రభుత్వాన్ని వదల్లేదు. ఎందుకంటే అక్కడ ఎవరూ వాళ్ళని వదిలి వెళ్ళలేదు.

మావయ్య: సరే, చివరికి ఎవరి లెక్క సరైందో ఆ కేసులో తీర్పే చెప్పింది. కోర్టు మార్షల్ ముగ్గురికీ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసింది. 1946 జనవరి 3న సర్వసేనాని ఆకిన్‌లెక్ ఆ శిక్షను రద్దు చేసి వాళ్ళను వదిలేశాడు. యుద్ధం గెలిచి ఆరు నెలలు కాలేదు. శిక్ష అమలు చేస్తే దేశం అంతటా గొడవలు లేస్తాయనీ, సైన్యమే తిరగబడొచ్చనీ తన ఆఫీసర్లకు వివరిస్తూ రాశాడు. జనం మనసు ఎటుందో పోలీసు రిపోర్టుల్లో వెతకక్కర్లేదు. ఆ ఉత్తరంలో ఉంది.

చెల్లెలు: ఆయనకు తెలిసింది. ఐతే మావయ్యా, మన సైన్యం తిరగబడొచ్చని ఆ సేనాని భయపడ్డది ఓడిపోయిన ఏడాది కాదు. గెలిచిన ఏడాది.